సెన్సర్ ఎవరి చేతిలో ఉండాలి?

ప్రశ్న: విశాఖపట్నం శివార్లలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. ఆరో తరగతిలో ప్రతిదానికీ "ఎందుకు మేడం?" అని అడిగిన ఆడపిల్లలే ఎనిమిదికి వచ్చేసరికి "సైన్స్ నాకు రాదు మేడం" అంటున్నారు. మా బడిలో చదువుకుని పైకొచ్చిన ఒకాయన ఇరవై వేలు ఇస్తానన్నారు. ఆ డబ్బుతో గాలి నాణ్యత కొలిచే సెన్సర్లు కొని ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లలతో ఏదైనా చేయించాలని ఉంది. మా వైపు డాబా మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి నల్లటి పొడి పడుతుంది, కాబట్టి వాళ్ళకిది తెలిసిన సంగతే. కానీ నాకు కోడింగ్ రాదు. తోటి మాస్టారు ఒకరు "వైర్ల పని మగపిల్లలకిస్తే తొందరగా తేలుస్తారు, ఆడపిల్లల చేత చార్టులు రాయించండి" అన్నారు. డబ్బు వృథా చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయిని, విశాఖ జిల్లా

సమాధానం:

టీచరుగారూ,

మీ ఉత్తరం చదువుతూ ఆ మాస్టారి మాట దగ్గర ఆగిపోయాను. ఆయన చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండానే నేనూ ఆ తప్పు చేశాను. ఏడెనిమిదేళ్ళ కిందట, ఇంకా సర్వీసులో ఉండగా, ఇలాంటి ధూళి సెన్సర్లు రెండు తెప్పించి ఎనిమిదో తరగతి పిల్లల్ని ఐదుగురేసి జట్లు చేశాను. ప్రతి జట్టులో మగపిల్లలూ ఆడపిల్లలూ ఉండేలా చూశాను. అక్కడితో నా బాధ్యత తీరిందనుకున్నాను. జట్టులో ఎవరు ఏ పని అందుకున్నారో గమనించలేదు. పైగా ఒక అమ్మాయితో నేనే అన్నాను, "నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, రికార్డు నువ్వు రాయమ్మా" అని. ఆ పిల్ల ఏడాదంతా రాసింది. తేదీ, టైము, రీడింగు, స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీతలు, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. మార్చి నెలలో సామాను అట్టపెట్టెలో సర్దుతుంటే దగ్గరికొచ్చి, "సార్, ఒక్కసారి నేను ఊడదీసి మళ్ళీ పెట్టనా?" అని అడిగింది. ఏడాది పొడుగునా ఆ పరికరం పక్కనే కూర్చుంది, ఒక్కసారి కూడా దానిమీద చెయ్యి వేయలేదు. పెట్టె పక్కన పెట్టేసి ఇచ్చాను. రెండుసార్లు టీఎక్స్, ఆర్ఎక్స్ వైర్లు (సమాచారం పంపేది ఒకటి, అందుకునేది ఒకటి) తారుమారు చేసింది. మూడోసారికి తెరమీద అంకెలు వచ్చాయి. వచ్చాక మొత్తం పీకేసి, మళ్ళీ మొదటి నుంచి పెట్టింది.

అందుకే మిగతావన్నీ తర్వాత. ముందు సెన్సర్, వైర్లు, స్క్రూడ్రైవర్ ఆడపిల్లల చేతిలో ఉండేలా చూడండి. జట్టుకు ముగ్గురికి మించి వద్దు. నలుగురైతే ఒకరు ఊరికే చూస్తూ నిలబడతారు. మొదటి రెండు మూడు నెలలు ఆడపిల్లలకు విడిగా జట్లు పెట్టండి. మగపిల్లల్ని పక్కన పెట్టమనడం లేదు, వాళ్ళకూ ఒక సెట్ ఇవ్వండి. వాళ్ళ రికార్డు వాళ్ళే రాసుకోవాలి, అంతే. ప్రతి జట్టులోనూ వైర్లు కలిపే పని, పరికరం మోసే పని, రాసే పని వారం వారం చేతులు మారాలి. ఇంకొక మాట, ఎవరైనా ఎక్కడైనా చిక్కుకుంటే మీరు ఆమె చేతిలోంచి తీసుకోకండి. ఏ వైరో వేలితో చూపించండి. ఆ రెండు నిమిషాలు ఓపిక పట్టడం టీచర్లకు చాలా కష్టం, నాకు తెలుసు. కానీ ఆ రెండు నిమిషాల్లోనే "నాకు రాదు" అన్న మాట గట్టిపడుతుంది, లేదా కరిగిపోతుంది.

ఇక కొనే సంగతి. ఇరవై వేలకు ఖరీదైన పరికరం ఒకటి కొని బీరువాలో దాచే బదులు నాలుగు చిన్నవి కొనండి. ప్లాంటవర్ పీఎంఎస్ 5003, నోవా ఎస్‌డీఎస్ 011 అనే రెండు రకాలను ప్రపంచమంతటా బడిపిల్లలు, ఔత్సాహికులు వాడుతున్నారు. 2015లో జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరంలో మామూలు పౌరులు తమ ఇళ్ళ కిటికీలకు ఇలాంటి చవక సెన్సర్లు తగిలించుకుని గాలిని కొలవడం మొదలుపెట్టారు, ఆ పని తర్వాత చాలా దేశాలకు పాకింది. సెన్సర్ ఒక్కొక్కటి రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది. దానికి ఒక ఈఎస్‌పీ 32 బోర్డు (సెన్సర్ అంకెలను చదివి తెరమీద చూపే బుల్లి కంప్యూటర్), అగ్గిపెట్టెంత తెర, జంపర్ వైర్లు, పవర్ బ్యాంక్ కలుపుకున్నా నాలుగు సెట్లు మీ డబ్బులో వస్తాయి. అంకెలు కనబడే తెర పరికరానికే ఉండాలి. ఫోన్‌లో యాప్ పెట్టుకుని చూసే రకం వద్దు. ఎనిమిదో తరగతి ఆడపిల్లకు సొంత ఫోన్ ఉండదు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న దగ్గరో అన్నయ్య దగ్గరో ఉంటుంది. సెన్సర్ ఇచ్చి ఫోన్ అడుక్కోమంటే ఆ పిల్లను మళ్ళీ వెనక్కి నెట్టినట్టే. ఎంక్యూ 135 అని రెండు మూడు వందలకు దొరికే గ్యాస్ సెన్సర్ ఒకటుంది, దుకాణాల వాళ్ళు గాలి నాణ్యత సెన్సర్ అనే అమ్ముతారు. అది అమోనియాకూ పొగకూ ఆల్కహాల్ ఆవిరికీ అన్నిటికీ ఎంతో కొంత స్పందిస్తుంది కానీ ఏది ఎంత ఉందో విడదీసి చెప్పలేదు. ఈ పనికి అది వద్దు.

కోడింగ్ గురించి దిగులు పడకండి. ఈ సెన్సర్లకు కావలసిన ప్రోగ్రాములు ఉచితంగా సిద్ధంగా దొరుకుతాయి. దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్న అమ్మాయిలను ఇద్దరిని రెండు శనివారాలు పిలవండి. అబ్బాయిలు కూడా వస్తామంటారు, కానీ ముందు అమ్మాయిలనే పిలవండి. పన్నెండేళ్ళ పిల్లకు ఇరవయ్యేళ్ళ అక్క ల్యాప్‌టాప్ తీసి బోర్డుకు తగిలిస్తుంటే చూడడం ఎంత బలమో నేను చాలాసార్లు చూశాను. మీరు కూడా పిల్లల ముందే "నాకూ కొత్తే, కలిసి నేర్చుకుందాం" అనండి. టీచరుకు తెలియనిది ఒకటుందని తెలిశాక పిల్లలు తప్పు చేయడానికి భయపడరు.

పరికరం చేతికిచ్చే ముందు ఒక పీరియడ్ తరగతి తలుపులూ కిటికీలూ మూసేసి, ఒక్క సందులోంచి ఎండ పడనివ్వండి. పెంకుటిళ్ళలో పెరిగిన వాళ్ళకు కప్పు సందులోంచి నేలమీద పడే ఎండ పట్టీ, అందులో ఆడే నలుసులు గుర్తుంటాయి. మన పాత కొలతల్లో ఆ నలుసుకు త్రసరేణువు అని పేరు కూడా ఉంది. అంత చిన్నదాన్ని కూడా ఎవరో కొలతగా పెట్టుకున్నారంటే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. ఆ నలుసు మనకు ఎందుకు కనబడుతోంది? ఎండ దాన్ని తాకి చెదిరి మన కంట్లో పడుతోంది కాబట్టి. సెన్సర్ లోపల జరిగేదీ ఇదే. ఒక బుల్లి ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంది, లేజర్ కిరణం ఎండ పట్టీ పని చేస్తుంది, కాంతిని గుర్తించే ఒక డయోడ్ కన్ను పని చేస్తుంది. కణం అడ్డొచ్చినప్పుడల్లా ఒక మెరుపు. ఆ మెరుపుల సంఖ్య, తీవ్రత బట్టి ఒక ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాముల ధూళి ఉందో లెక్క కడుతుంది. (సెన్సర్ డబ్బా మాత్రం విప్పనివ్వకండి, లోపలి లేజర్ కళ్ళకు మంచిది కాదు.)

మీ ఊరి సంగతే ఒకటి ఇక్కడ చెప్పండి. కాంతి చెదరడం మీద పనిచేసి 1930లో నోబెల్ బహుమతి అందుకున్న సి.వి. రామన్ విశాఖపట్నంలోనే చదువుకుని పదకొండేళ్ళకు మెట్రిక్యులేషన్ పాసయ్యారు. రామన్ ఎఫెక్ట్ ఇంతకంటే చాలా సూక్ష్మమైన విషయం, రెండూ ఒకటే అని చెప్పకండి. కానీ చెదిరిన వెలుగును చదివితే అది తాకిన వస్తువు గురించి తెలుస్తుందన్న ఆలోచన రెండిటికీ ఉమ్మడి.

పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఒక పిల్లను తన జడలోంచి ఒక వెంట్రుక తీసి పట్టుకోమనండి. దాని మందంలో దాదాపు ఇరవై ఐదో వంతు. అంత చిన్నవి కాబట్టే ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతాయి. ఆ గదుల గురించి చెప్పడం నాకంటే మీకే బాగా వచ్చు.

మొదటి ప్రయోగం తరగతిలోనే చేయండి. నల్లబల్ల డస్టరును సెన్సర్ పక్కన గట్టిగా తట్టమనండి. తెల్లటి సుద్ద పొడి లేస్తుంది, ముందు బెంచీ వాళ్ళు దగ్గుతారు. అంకె పెరుగుతుంది కానీ అనుకున్నంత పెరగదు. అది తగ్గాక ఒక్క అగరుబత్తి వెలిగించి రెండు మూడు అడుగుల దూరంలో పెట్టండి. కంటికి సన్నటి దారంలా కనబడే పొగ, పైగా మంచి వాసన. అంకె ఎగిరి కూర్చుంటుంది. "మేడం, ఇది తప్పు చూపిస్తోంది" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట కోసమే ఈ ప్రయోగం. వెంటనే జవాబు చెప్పకండి. సుద్ద పొడిలో ఎక్కువ భాగం పెద్ద కణాలని, ఈ సెన్సర్ పెద్దవాటిని సరిగా పట్టుకోలేదని, పొగలో ఉన్నవన్నీ కంటికి ఆనని చిన్నవని వాళ్ళంతట వాళ్ళు చేరుకోవడానికి రెండు పీరియడ్లు పట్టనివ్వండి. పరికరం మాట గుడ్డిగా నమ్మనక్కర్లేదు, కంటి మాట కూడా నమ్మనక్కర్లేదు, రెండూ తగువు పడినప్పుడు మూడో పరీక్ష పెట్టాలి అని ఆ వయసులో ఒంటబట్టిన పిల్లకు సైన్స్ మార్కుల సబ్జెక్టుగా మిగలదు.

తర్వాత పరికరం ఇంటికి వెళ్ళాలి. ఒక్కో పిల్లకు ఒక రాత్రీ ఒక పగలూ. పోతుందేమో, పాడైపోతుందేమో అని మీ హెడ్‌మాస్టరుగారు అంటారు. నాలుగు కొనమన్నది అందుకే. ఇంట్లో ఉండే పొగలు ఆడపిల్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. ఎండుమిర్చి పోపు వేసినప్పుడు, దేవుడి దగ్గర సాంబ్రాణి వేసినప్పుడు, నీళ్ళకు కట్టెల పొయ్యి రాజేసినప్పుడు, రాత్రి దోమల కాయిల్ వెలిగించినప్పుడు ఆమె అక్కడే ఉంటుంది. కాయిల్ సంగతి చూస్తే, ఒక కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత పీఎం 2.5 వస్తుందని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్క కట్టింది. ఈ అంకె పిల్లలకు ముందే చెప్పకండి. వాళ్ళు కొలిచి, కంగారుపడి మీ దగ్గరికి వచ్చాక చెప్పండి. అలాగని కాయిల్ మానేయమని మాత్రం చెప్పి ఊరుకోకండి, మలేరియా డెంగీ ఉన్న ప్రాంతం మనది. దోమతెర కట్టుకున్న రాత్రి, కాయిల్ పెట్టుకున్న రాత్రి, రెండిటికీ రీడింగు తీసి పక్కపక్కన పెట్టమనండి.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఒక బడిలో పిల్లల ఇళ్ళ పేర్లతో సహా వంటింటి రీడింగుల చార్టు వేసి గోడకు అంటించారు. అన్నిటికంటే ఎక్కువ వచ్చిన ఇల్లు కట్టెల పొయ్యి ఇల్లు. ఆ తల్లి పేరెంట్స్ మీటింగుకు వచ్చి ఆ గోడ చూసి, ఏమీ అనకుండా కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది. అలాంటిది జరగకూడదు. ఇంటి రీడింగుకు ముందు అమ్మను అడగాలి, ఫలితం ముందు అమ్మకే చూపించాలి, తరగతిలో ఇంటి పేరు ఉండకూడదు. అమ్మను తప్పు పట్టే పరికరంగా కాకుండా అమ్మతో కలిసి చేసే పనిగా ఉండాలి. "అమ్మా, పోపు వేసేటప్పుడు కిటికీ తీసి ఒకసారి, మూసి ఒకసారి చూద్దామా?" అని అడిగితే ఏ తల్లీ కాదనదు. ఒక్క విషయం మాత్రమే మార్చి మిగతావి అలాగే ఉంచడం, అదే ప్రయోగం. నియంత్రిత చరరాశి అని పుస్తకంలో చదివితే నోరు తిరగని విషయం కిటికీ రెక్క దగ్గర అర్థమైపోతుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలా రెండు రోజులు చూశాక ఆ తల్లే పొయ్యిని గోడ మూల నుంచి కిటికీ కిందికి జరుపుకుంది. ఎవరూ ఆమెకు చెప్పలేదు.

సెన్సర్ తప్పు చెప్పే సందర్భాలను దాచకండి, అవే అసలు పాఠాలు. నాలుగూ ఒకే బల్లమీద పక్కపక్కన పెట్టి ఒక రోజంతా వదిలేయండి. నాలుగూ ఒకే అంకె చూపించవు. "మరి ఏది నిజం?" అని అడుగుతారు. సగటు ఎందుకు కనిపెట్టారో ఆ రోజు చెప్పండి. తేమ ఇంకో సంగతి. మీది సముద్రపు ఊరు. గాలిలో తేమ డెబ్బై శాతం దాటితే ఈ సెన్సర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. ధూళి కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, ఉబ్బిన కణం ఎక్కువ వెలుగు చెదరగొడుతుంది, సెన్సర్ దాన్ని ధూళి కింద లెక్కేస్తుంది. దీన్ని చూపించాలంటే మధ్యాహ్న భోజనం వండే చోట గంజి వార్చేటప్పుడు ఆ ఆవిరికి మూరెడు దూరంలో ఒక్క నిమిషం పట్టుకోమనండి. అంకె అమాంతం పెరుగుతుంది. వచ్చేది నీటి ఆవిరేనని అందరికీ తెలుసు. అందుకని తేమ కొలిచే చిన్న సెన్సర్ కూడా ఒకటి జోడించి, ప్రతి రీడింగు పక్కన తేమ శాతం రాయించండి. పొగమంచు ఉదయం వచ్చిన పెద్ద అంకెను వెంటనే నమ్మరు అప్పుడు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో విశాఖలోని ప్రభుత్వ కేంద్రం రీడింగులు కనబడతాయి. మీ పిల్లల గీత, ఆ కేంద్రం గీత ఒకే గ్రాఫు కాగితం మీద వేయించండి. అంకెలు కలవకపోయినా ఎత్తుపల్లాలు ఎంతవరకు కలుస్తున్నాయో చూడాలి.

అంకెల గురించి ఇంకొక్కటి. మన దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 రోజు సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. పోపు వేసిన ఒక్క నిమిషం రీడింగును ఈ రోజు సగటుతో పోల్చి పిల్లలు హడలిపోతారు. అలాగే యాప్‌లో కనబడే ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, వేరు, సెన్సర్ చూపే మైక్రోగ్రాములు వేరు. పీఎం 2.5 రోజు సగటు 60 ఉంటే మన ఏక్యూఐ లెక్కలో అది 100 అవుతుంది. ఈ తేడా మొదటి వారంలోనే చెప్పేయండి, లేకపోతే ఏడాదంతా గందరగోళమే.

మీ డాబా మీది నల్లపొడి విషయంలో నేను నిజం చెప్పాలి. ఈ సెన్సర్ దానికి పెద్దగా పనికిరాదు. బట్టల మీద రాలి కంటికి కనబడేది పెద్ద కణం. దానికి సెన్సర్ కంటే చవకైన, నా దృష్టిలో ఇంకా అందమైన పద్ధతి ఉంది. గ్రాఫు కాగితం మీద పారదర్శకమైన సెల్లోటేప్ జిగురు వైపు పైకి వచ్చేలా బిగించి, ఇరవై నాలుగు గంటలు డాబా మీద ఉంచండి. తర్వాత భూతద్దంతో ఒక్కో గడిలో ఎన్ని నలుసులున్నాయో లెక్కపెట్టించండి. మీ దగ్గర బడి మైక్రోస్కోపు ఉండే ఉంటుంది, దుమ్ము తుడిచి బయటికి తీయండి. ఒక స్టీలు పళ్ళెంలో రాలిన పొడిని కాగితం మీదికి దులిపి కాగితం కింద అయస్కాంతం తిప్పండి. కదిలిన రేణువుల్లో ఇనుము ఉన్నట్టు. కదలకపోతే లేనట్టు కాదు, కొన్ని ఇనుప ఖనిజాలను మామూలు అయస్కాంతం పెద్దగా లాగదు. ఇంతవరకే చెప్పనివ్వండి. పొడి ఎక్కడి నుంచి వచ్చిందో ఈ పరీక్షలు తేల్చవు. పిల్లలు ఫలానా వాళ్ళదే అని చార్టులో రాసేస్తే రేపు ఎవరో వచ్చి మీ మీద అరుస్తారు, పిల్లలు భయపడి ఆ విషయమే వదిలేస్తారు. తేదీ, గాలి దిక్కు, గడికి ఎన్ని నలుసులు, ఈ మూడూ రెండు నెలలు రాసి కాలుష్య నియంత్రణ మండలికి ఒక ప్రశ్నగా ఉత్తరం రాయించండి. "మా దగ్గర ఇలా కనబడుతోంది, కారణం ఏమిటో చెప్పగలరా?" అని. కింద పిల్లల సంతకాలు ఉండాలి.

ఏడాదిలో ఒక రోజు మాత్రం ఈ పనికే పుట్టినట్టుంటుంది. భోగి. ఆ తెల్లవారుజామున ఇంట్లో అందరికంటే ముందు లేచి వాకిట్లో ముగ్గు వేసేది మీ పిల్లలే. సంక్రాంతి సెలవులు కాబట్టి బడి తొందర లేదు. ముందు రోజు సాయంత్రం నుంచే రీడింగులు మొదలుపెట్టి, నాలుగింటి నుంచి పదింటి దాకా అరగంటకోసారి తీయమనండి. చలికాలం రాత్రి నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలీ చల్లబడి బరువుగా కింద కూర్చుంటుంది. పైన వెచ్చటి పొర గిన్నె మీద మూతలా ఉంటుంది. పైగా కొండల మధ్య ఊరు మీది. వీధి వీధికీ మంట వెలిగి ఆ పొగంతా మూత కిందే ఉండిపోతుంది. అంకె ఎక్కుతూ పోతుంది. మంటలు ఆరిపోయాక కూడా చాలాసేపు దిగదు, పిల్లలు ఆశ్చర్యపోయేది ఇక్కడే. ఎండ ఎక్కి నేల వేడెక్కాక, సముద్రపు గాలి తిరిగాక, గీత కిందికి దిగడం మొదలవుతుంది. ఉష్ణోగ్రతా విలోమం అన్న మాట ఆ గ్రాఫు మీద వేలు పెట్టి చెప్పవచ్చు. మంటకు గాలివాలున ఒకరు, ఎదురుగాలి వైపు ఒకరు నిలబడి పోల్చితే ఇంకా మంచిది. ఉబ్బసం ఉన్న పిల్లలకు మాత్రం రికార్డు ఇంట్లో కూర్చుని రాసే పని ఇవ్వండి. పనులు చేతులు మారాలన్న నా నియమం ఆ ఒక్క రోజుకు పక్కన పెట్టినా తప్పు లేదు. పిడకలూ కట్టెలూ తప్ప టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు మంటలో వేయొద్దని పిల్లలు ఇంట్లో చెబుతారు చూడండి, ఆ చెప్పడం కూడా గట్టిగానే ఉంటుంది, చేతిలో అంకె ఉంటుంది కాబట్టి.

బయట కొలిచే పనుల్లో మామూలు జాగ్రత్తలు మీకు చెప్పనక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళాలి, చీకటి పడకముందే తిరిగి రావాలి. ఇళ్ళ చిరునామాలతో రీడింగులు ఇంటర్నెట్‌లో పెట్టకూడదు.

ఇంకొక పని మొదటి రోజే చేయించి దాచిపెట్టండి. ఒక తెల్లకాగితం ఇచ్చి "శాస్త్రవేత్త బొమ్మ గీయండి" అనండి, ఇంకేమీ చెప్పకండి. ఈ పరీక్ష పాతదే. ఎక్కువగా అమెరికా, కెనడా పిల్లలతో చేసి 1983లో ప్రచురించిన ఫలితాల్లో 4,807 మంది పిల్లల్లో ఆడ శాస్త్రవేత్తను గీసింది 28 మందే, ఆ 28 మందీ ఆడపిల్లలే. తర్వాతి దశాబ్దాల్లో ఆ సంఖ్య బాగా పెరిగింది. మీ తరగతిలో ఎంత వస్తుందో చూడండి, ఏడాది చివర మళ్ళీ గీయించండి.

ఆ మధ్యలో ఒకరోజు అన్నా మణి గురించి చెప్పండి. 1918లో కేరళలోని పీర్మేడులో పుట్టారు. ఎనిమిదో పుట్టినరోజుకు ఇంటి ఆనవాయితీ ప్రకారం వజ్రాల కమ్మలు ఇస్తే, వద్దని విజ్ఞాన సర్వస్వం సంపుటాలు అడిగి తీసుకున్నారు. రామన్ ప్రయోగశాలలో వజ్రాల మీదే కాంతి పరిశోధన చేశారు. మాస్టర్స్ డిగ్రీ లేదన్న కారణంతో ఆమెకు పీహెచ్‌డీ ఇవ్వలేదు. 1945లో లండన్ వెళ్ళి వాతావరణ పరికరాల గురించి చదువుకుని, 1948లో తిరిగొచ్చి పుణెలో వాతావరణ శాఖలో చేరారు. అప్పటిదాకా విదేశాల నుంచి తెచ్చుకుంటున్న కొలత పరికరాలు ఇక్కడే తయారయ్యేలా చేశారు. ఎండ ఎంత పడుతోందో కొలిచే కేంద్రాలు దేశమంతటా పెట్టించారు, ఓజోను కొలిచే పరికరం తయారుచేయించారు. మీ పిల్లలు పట్టుకున్న పనే ఆమె జీవితమంతా చేశారు, గాలినీ వెలుగునీ కొలవడం. కమ్మల కథ మాత్రం వదలకండి, ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు అది చాలా రోజులు గుర్తుంటుంది.

బడిపిల్లల కొత్త ఆలోచనల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్‌స్పైర్ మనక్ పథకం కింద ఎంపికైన ఆలోచనకు పది వేల రూపాయలు వస్తాయి, మీ ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఆలోచనలు పంపవచ్చు. భోగి గ్రాఫు, టేపు మీది నలుసులు, కిటికీ ప్రయోగం, వీటిలో ఏదో ఒకటి పిల్లల సొంత మాటల్లో పంపించండి. పేరు మీది కాకుండా వాళ్ళదే పెట్టండి. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం నాడు పరికరం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు చెప్పేది కూడా వాళ్ళే కావాలి, మైకు మాస్టార్ల చేతికి పోకుండా చూసుకోండి.

డబ్బు చేతికి రాకముందే రేపే చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి పిల్లకూ ఒక చీటీ ఇచ్చి, మన ఊరి గాలి గురించి నీకు తెలుసుకోవాలనున్నది ఒకటి రాయి అనండి. "బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే మంచిదా, మధ్యలోనా", "మా తాతయ్య దగ్గు ఉదయమే ఎందుకు ఎక్కువ", "చెత్త కాల్చినప్పుడు మా ఇంట్లోకి ఎంత వస్తుంది" లాంటివి వస్తాయి. ఆ చీటీలు ఒక డబ్బాలో ఉంచండి. సెన్సర్ వచ్చాక ఎవరి చీటీ తీస్తే ఆ వారం జట్టుకు ఆమే పెద్ద.

భోగి గడిచాక ఆ రోజు గ్రాఫు ఒకటి నాకు పంపండి. గీత గీసిన పిల్లే వైర్లు కూడా కలిపిందా లేదా అన్నది కూడా రాయండి.